వెనక నుంచి పుస్తకం తెరిచే మనిషి

ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. రోజూ రాసుకునే డైరీలో కూడా దాన్ని రాయలేదు. ఆవిడ పోయారని ఆఫీసు మెయిల్ వచ్చిన రోజు నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. పక్క సీటులో అమ్మాయి నా మొహం చూసి బాధనుకుంది. భుజం మీద చెయ్యి వేసి, లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. ఆ నీళ్ళు తాగుతూ నేను లోపల్లోపల ఆవిడతో పోట్లాడుతున్నాను. ఇప్పుడా పోవడం? ఫిబ్రవరిలోనా? నెల తిరిగితే తీతువులు గుడ్లు పెట్టే కాలమని మీకు తెలియదా?

మెయిల్ ఇంగ్లీషులో ఉంది. తీరని లోటు, చెరగని ముద్ర, అలుపెరగని కృషి అనే అర్థం వచ్చే మాటలున్నాయి. అదే ఆవిడ చేతికి వస్తే కొప్పులోంచి పెన్సిల్ తీసి, ఆ మూడింటి మీదా సన్నటి గీతలు గీసి, "మరి ఎలా పోయిందో రాయలేదేంటమ్మా?" అని అడిగేవారు.

పెన్సిల్ ఎప్పుడూ ఆవిడ కొప్పులోనే ఉండేది. మా కంపెనీలో ఆవిడది డాక్యుమెంటేషన్ పని. మేం తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ని ఎలా వాడాలో, ఏది నొక్కాలో, ఏది నొక్కకూడదో జనానికి అర్థమయ్యేట్టు రాయడం. ఎప్పుడో జువాలజీ చదువుకున్నారట. అక్కణ్ణుంచి ఇక్కడికి ఎలా వచ్చారో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. పుట్టినరోజు కార్డు చేతికొచ్చినా ఆవిడ పెన్సిల్ ఊరుకునేది కాదు. ఒకసారి మా మేనేజరు కార్డు మీద అందరం "ఎప్పుడూ నవ్వుతూ ఉండే మీకు" అని రాశాం. దాని కింద ఆవిడ "సోమవారాలు తప్ప" అని చేర్చారు.

కంపెనీ బస్సులో బాచుపల్లి దగ్గర నేనెక్కేదాన్ని. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు దగ్గర ఆవిడ ఎక్కేవారు. నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది, ఎవరితోనూ మాట్లాడను కనక. ఆవిడ అందులో కూర్చునేవారు, బహుశా అందుకే. కిటికీలోంచి ఏదైనా పిట్ట కనబడితే వెనక సీట్లవాళ్ళు అడిగేవాళ్ళు.

"మేడం, అదేం పిట్టండీ?"

ఆవిడ మెడ సాచి చూసేవారు. "చిన్నది" అనేవారు.

ఒకరోజు ఐటీ పార్కు గోడ మీద నెమలి నిలబడి ఉంది. నిలువెత్తు తోకతో, ఎవరికీ అనుమానం అక్కర్లేని నెమలి. బస్సంతా ఫోన్లు తీసింది. ఎవరో "మేడం, కనీసం అదైనా నెమలేనా?" అన్నారు. బస్సంతా నవ్వింది.

"అయ్యుండొచ్చు" అన్నారావిడ. నవ్వలేదు.

నాకు ఆ జవాబుకి ఒళ్ళు మండింది, ముచ్చటా వేసింది. ఆవిడతో పరిచయం ఉన్నన్నాళ్ళూ నాకు ఈ రెండూ కలిసే వచ్చేవి. విడివిడిగా వచ్చిన రోజు గుర్తులేదు.

మా ఇద్దర్నీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టింది శ్రీకాంత్. హెచ్ఆర్‌లో పనిచేస్తాడు. నల్లగండ్లలో పుట్టి పెరిగినవాడు. ఇప్పుడు అద్దాల మేడలున్న చోట వాళ్ళ తాత జొన్న వేసేవాడని అందరికీ చెబుతుంటాడు. పోయినేడాది మొదట్లో మా పెద్దాఫీసు నుంచి ఆదేశం వచ్చింది. జీవవైవిధ్యం ఆ సంవత్సరపు అంశమట. ప్రతి ఆఫీసులోనూ దాని మీద పుస్తకాల అల్మరా ఒకటి పెట్టాలట. శ్రీకాంత్ నన్ను పాంట్రీ మూలన పట్టుకున్నాడు. నేను డబ్బా ముందు పెట్టుకుని నవల చదువుకుంటున్నాను.

"నువ్వు బుక్కులు మస్తు సదువుతవు గదా. కమిటీల ఉండు. నువ్వు, నేను, డాక్యుమెంటేషన్ మేడం. ముగ్గురమే. ఫికర్ చెయ్యకు, మాట్లాడే పని లేదు, సెలెక్ట్ చేసుడే."

మాట్లాడే పని లేదన్నాడని ఒప్పుకున్నాను.

ఆబిడ్స్‌లో ఒక దుకాణం నుంచి శ్రీకాంత్ రెండు అట్టపెట్టెల నిండా నమూనా పుస్తకాలు తెప్పించాడు. నచ్చినవి ఉంచుకుని మిగతావి తిరిగివ్వచ్చు. ఒక పెట్టెలో అందరూ చదివేవి: నున్నటి కాగితం, బొమ్మలు, అట్ట మీద పులో తిమింగలమో. రెండో పెట్టెలో పండితులు రాసినవి: బూడిదరంగు అట్టలు, లావుపాటి సంపుటాలు, లోపల పట్టికలు. ఇచ్చిన డబ్బుకి ఏదో ఒక రకమే వస్తుంది. లావువి కొన్ని, లేకపోతే సన్నవి అల్మరా నిండా. మార్చి ఆఖరుకి తేల్చాలి.

ఆవిడ పుస్తకాన్ని తెరిచే పద్ధతి అప్పుడే చూశాను. అట్ట వైపు కన్నెత్తి చూడరు. బోర్లా తిప్పి వెనక నుంచి తెరుస్తారు. పదసూచిక ఉందా, ఎవరి రచనల మీద ఆధారపడ్డారో రాశారా, అదే మొదటి చూపు. అవి లేకపోతే, పక్కింటివాళ్ళ శుభలేఖ పొరపాటున మనింటికొస్తే ఎలా తిరిగిస్తామో అలా, రెండు చేతులతో, మర్యాదగా శ్రీకాంత్‌కి అందించేవారు.

"గిదేంది మేడం, లోపల సూడనే లేదు!"

"ఎవరు చూశారో చెప్పని సంగతి నేనెలా నమ్మను బాబూ?"

"నమ్ముడెందుకు మేడం, సదివితె సాలు. జర ఇంట్రెస్ట్ రావాలె జనాలకి. గా లావు బుక్కు సూస్తనే నాకు ఆవలింతొస్తది."

"ఆవలిస్తూ చదివినా నిజమే చదువుతావు కదా."

శ్రీకాంత్ నా వైపు చూసేవాడు, నువ్వు చెప్పు అన్నట్టు. నేను వాటర్ బాటిల్ మూత తిప్పుతూ కూర్చునేదాన్ని.

చెప్పడానికి నా దగ్గర లేక కాదు. రెండు పెట్టెల్లోంచీ పుస్తకాలు ఇంటికి తీసుకెళ్ళి చదివాను. బొమ్మల పుస్తకాల్లో ప్రతి అధ్యాయమూ రచయిత కాలికి జలగ పట్టడంతో మొదలవుతుంది. ఏదో దూరదేశపు అడవి, వాన, గుడారం. జలగని పీకుతూ ఆయన భూగోళం గురించి ఆలోచిస్తాడు. నాకు కళ్ళ నీళ్ళు కూడా వచ్చాయి, నేను జన్మలో చూడని ఒక కప్ప అంతరించిపోయిందని. పుస్తకం మూసి మా బస్టాపు దగ్గర చెట్టు కింద నిలబడితే, ఆ చెట్టు పేరేంటో నాకు తెలియదు. అంత పుస్తకం చదివి!

లావు పుస్తకాల్లో ఆ చెట్టు ఉండే ఉంటుంది. కానీ దాని దగ్గరికి ఎలా వెళ్ళాలి? ఆకు అంచు ఎలాంటిది, తొడిమ మీద నూగుందా, లేకపోతే ఫలానా సంఖ్యకి వెళ్ళు. అక్కడ ఇంకో రెండు ప్రశ్నలు, ఒక్కోదాంట్లో నాలుగేసి లాటిన్ మాటలు. మూడో ప్రశ్న దగ్గర నాకు నిద్రొచ్చేది. ఒకళ్ళు నన్ను చంటిపిల్లని చేసి బుజ్జగిస్తారు. ఇంకొకళ్ళు గుమ్మంలోనే నిలబెట్టి ఏం చదివావని అడుగుతారు. ఇంట్లోకి రా, కూర్చో అనేవాళ్ళే లేరా? పైగా రెండు పెట్టెల్లోనూ తెలుగు పుస్తకం ఒక్కటి లేదు. తెలుగులో దొరికేది పోటీ పరీక్షల వ్యాసం, "జీవవైవిధ్య పరిరక్షణ ఆవశ్యకత". ఆ పేరు చదివేలోపల ఏ పిట్టైనా ఎగిరిపోతుంది.

ఇదంతా ఒక సాయంత్రం బస్సులో ఆవిడతో చెప్పాను. అంత పొడుగ్గా ఎవరితోనూ మాట్లాడిన అలవాటు లేక మధ్యలో రెండుసార్లు ఆగిపోయాను. విన్నారు. మూసాపేట వైపు మళ్ళే బస్సొకటి మా బస్సుకి అడ్డంగా ఆగి హారన్లు మోగుతుంటే ఆ మోత తగ్గేదాకా ఆగారు.

"నువ్వన్నది నిజమే" అన్నారు. ఆవిడ నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. తర్వాత, "అయితే ఏం చేద్దాం? అబద్ధాన్ని తేలిగ్గా చదువుదామా?" అన్నారు.

మళ్ళీ ఒళ్ళు మండింది.

కమిటీలో సంగతి తెగలేదు. చివరికి శ్రీకాంత్ మా వాళ్ళందరూ చేసే పనే చేశాడు. ఎక్సెల్ షీటు వేశాడు. వరసకి ఒక పుస్తకం. చదవడానికి తేలిక, బొమ్మలు, జనాకర్షణ, ఖచ్చితత్వం, ఒక్కోదానికి ఇన్ని మార్కులని. ముగ్గురం నింపితే సగటు అదే వస్తుంది, ఎక్కువొచ్చినవి కొనేస్తాం.

ఆవిడ కళ్ళజోడు పైకి జరుపుకుని చూశారు. "ఖచ్చితత్వానికి నూటికి ఇరవయ్యేనా? మిగతా ఎనభైకీ ఏం చెప్పినా ఫర్వాలేదా?"

"అయ్యో మేడం, గట్ల కాదు" అంటూ శ్రీకాంత్ తలపట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే తీతువులు వచ్చాయి.

మా మూడో అంతస్తు పాంట్రీకి ఒక అద్దాల తలుపుంది. దాని అవతల పార్కింగ్ అంతస్తుల పైకప్పు. వేడి దిగకుండా దాని మీదంతా గులకరాళ్ళు పోశారు. ఒక మధ్యాహ్నం ఎవరో ఫోన్ మాట్లాడుకోవడానికి అటు వెళ్ళి, నెత్తి మీద ఒక పిట్ట అరుస్తూ తిరుగుతుంటే పరిగెత్తుకొచ్చారు. చూస్తే రాళ్ళ మధ్య నాలుగు గుడ్లు. రాళ్ళలాగే ఉన్నాయి, మచ్చలతో. పొడుగాటి పసుపు కాళ్ళు, నల్ల మెడ, కంటి ముందు ఎర్రటి తోలు. తీతువు అని అందరికంటే ముందు గుర్తుపట్టింది శ్రీకాంతే.

"మా నాయినమ్మ దీని సప్పుడు వింటె ఇంట్ల ఎవరో పోతరంటది. మనం గట్ల అనుకోవద్దు. మన ఆఫీసుకు సుట్టాలొచ్చిన్రు!"

ఆ సాయంత్రమే ఆఫీసంతటికీ మెయిల్ పెట్టాడు. ఫొటోతో పాటు బొమ్మల పుస్తకంలోంచి ఒక పేజీ జతచేశాడు. మండుటెండలో తన ఒంటినే గొడుగు చేసి గుడ్లకి పట్టే తల్లి గురించి. చదివితే ఎవరికైనా గుండె కరుగుతుంది. నాకూ కరిగింది. జనం తండోపతండాలుగా వస్తారని భయపడి, పిట్ట బెదరకూడదని, స్లాట్లు పెట్టాడు. మీటింగు గది బుక్ చేసుకున్నట్టే బుక్ చేసుకోవాలి. ఒక్కో స్లాటుకి ఐదుగురు. గట్టిగా మాట్లాడకూడదు, ముట్టుకోకూడదు, ఫ్లాష్ వెయ్యకూడదు. ఒక బ్యాచ్ వెళ్ళాకే ఇంకో బ్యాచ్.

ఎంత బుద్ధిగా పాటించారో! ఒక్కరు గీత దాటలేదు. పిల్లిలా నడిచి వెళ్ళారు, గుసగుసలాడారు, గుండె మీద చెయ్యి వేసుకున్నారు, తిరిగొచ్చారు. స్లాట్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిండిపోయాయి.

ఆవిడా ఒక మెయిల్ పెట్టారు, అదే సాయంత్రం, అందరికీ. లావు పుస్తకంలోంచి రెండు పేజీలు స్కాన్ చేసి, పైన ఒకే వాక్యం: "సంబంధిత పేజీలు జతచేశాను." అంతే. ఒకరెవరో "థాంక్స్ ఫర్ షేరింగ్" అని జవాబిచ్చారు. ఆ పేజీలు తెరిచినవాళ్ళు ఎంతమందో నాకు తెలియదు. నేను తెరిచాను, మర్నాడు సాయంత్రం బస్సులో. ఆవిడ ఆ రోజు బస్సులో లేరు. మొదటిసారి ఏమీ అర్థం కాలేదు. బాచుపల్లి చేరేసరికి, మూడోసారి చదువుతుండగా, ఒక పట్టిక అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యం దగ్గర ఆగాను. పొదిగే పక్షి మనుషులు దగ్గరికొస్తే లేస్తుందనీ, వాళ్ళు అక్కడున్నంతసేపూ తిరిగి కూర్చోదనీ, ఆ వేళ గుడ్లకి వేడి నేరుగా తగులుతుందనీ దాని సారాంశం. ఇంత మెలికల వాక్యాన్ని విప్పితే లోపలున్నది ఇది.

గుంపు వచ్చి ఉంటే బాగుండేదని అప్పుడర్థమైంది. గుంపైతే వచ్చి, చూసి, వెళ్ళిపోయేది. మేం వరసలో, పద్ధతిగా, విరామం లేకుండా నిలబడ్డాం. ఆ పిట్టకి కూర్చునే వీలే ఇవ్వలేదు.

బస్సు దిగకుండానే శ్రీకాంత్‌కి మెసేజ్ పెట్టాను. వెంటనే ఫోన్ చేశాడు. "ఏందీ? నిజమా? గిదంతా మనం మంచిగ చేస్తున్నమనుకున్న గదా!" ఆ నిమిషంలోనే స్లాట్లన్నీ తీసేశాడు. పొద్దున్నే తలుపుకి తాళం వేయించాడు. కానీ తీతువులు గుడ్ల మీద కూర్చోలేదు. ఆ రోజంతా పైకప్పు చివర గట్టు మీద రెండూ నిలబడి ఉన్నాయి. మర్నాడు ఒకటే ఉంది. ఆ తర్వాత అదీ లేదు. మిగిలింది కాకులు చూసుకున్నాయి.

శ్రీకాంత్ రెండు రోజులు ఎవరితోనూ నవ్వలేదు. "గా మేడం ఒక్క మాట చెప్తె అయిపోతుండె. నోటితోని. ఒక్క మాట" అని నాతో అన్నాడు. దాంట్లో తప్పేమీ కనబడలేదు నాకు.

ఆ మధ్యాహ్నం పాంట్రీలో ఆవిడ అద్దాల తలుపు ముందు నిలబడి ఉన్నారు. పెరుగన్నం డబ్బా చేతిలో ఉంది, మూత తియ్యలేదు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఆఫీసులో ఎవరి దగ్గరికీ నేనుగా వెళ్ళి మాట్లాడింది అంతకు ముందు లేదు.

"మీకు తెలుసు కదండీ" అన్నాను.

"తెలుసు."

"మరెందుకు చెప్పలేదు?"

"పంపాను కదమ్మా."

"అది ఎవరు చదువుతారండీ?" నా గొంతు నాకే కొత్తగా వినబడింది. కాఫీ మెషీను దగ్గరున్నవాళ్ళు తిరిగి చూశారు. "మీరు రోజంతా రాసేదేంటి? ఇది నొక్కకండి, అది మూయకండి, ముందు సేవ్ చేసుకోండి. పిల్లాడికి కూడా తెలిసేట్టు రాస్తారు. ఈ తలుపు తీయకండి అని మూడు ముక్కలు రాయలేకపోయారా?"

ఆవిడ నా వైపు తిరగలేదు.

"ఆ సాఫ్ట్‌వేర్ మనం చేసింది. నొక్కితే ఏమవుతుందో నాకు తెలుసు. పిట్టని మనం చెయ్యలేదు" అన్నారు మెల్లగా. "ఆ పేజీల్లో రాసినవాళ్ళు వేరే ఊళ్ళో, చెరువు గట్టున, నేల మీద చూశారు. మేడ మీద రాళ్ళలో, ఈ ఎండకి, ఇలాగే అవుతుందని నేనెలా అంటాను? నేను చూడలేదే."

"ఇప్పుడు చూశారు కదా."

"చూశాను" అన్నారు. డబ్బా మూత తియ్యకుండానే సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఎక్సెల్ షీటులో ఆవిడ తన గడులు నింపలేదు. బొమ్మల పుస్తకాలకీ వెయ్యలేదు, లావువాటికీ వెయ్యలేదు. సగటు రావలసిన చోట పైనుంచి కింద దాకా లెక్క కుదరదని గుర్తులు పడ్డాయి. లెక్క తేలందే కొనుగోలుకి పై అనుమతి రాదు. శ్రీకాంత్ బతిమాలాడు. "ఏదో ఒకటి ఎయ్యుర్రి మేడం, నా ఇజ్జత్ పోతది." ఆవిడ, "రెండూ సరిపోలేదు బాబూ, సరిపోయిందని నేనెలా వెయ్యను?" అన్నారు. మార్చి వెళ్ళిపోయింది, డబ్బు వెనక్కి పోయింది. పెట్టెలు రెండూ ఆబిడ్స్ వెళ్ళిపోయాయి. ఆ అల్మరాలో ఇప్పుడు క్యారమ్ బోర్డు, చెస్ పెట్టె ఉన్నాయి.

నాకు ఆవిడ మీద వచ్చినంత కోపం ఎవరి మీదా రాలేదు. ఎందుకంటే, మాకు కావలసిన పుస్తకం ఏదో నాకు తెలిసిపోయింది, అది ఎవరు రాయగలరో కూడా. నిజం వదలకుండా, తేలిగ్గా, మా కిటికీ అవతల ఉన్నవాటి గురించి, తెలుగులో. ఆ రెండు విద్యలూ ఉన్న మనిషి నా పక్క సీటులో కూర్చుని రోజూ కూకట్‌పల్లిలో దిగిపోతోంది.

"మీరే రాయండి" అన్నాను ఒకరోజు.

"ఇంకొక్క సీజన్ చూడనీ."

వారం పోయాక మళ్ళీ అడిగాను.

"తొందరేముందమ్మా? పిట్టలెక్కడికీ పోవు."

పోయింది ఆవిడ. వానాకాలంలో సెలవు పెట్టారు. పొట్టలో ఏదో అన్నారు, తర్వాత పెద్ద దవాఖాన పేరు వినబడింది, తర్వాత ఆవిడ సీటులో వేరెవరో కూర్చున్నారు. బస్సులో నా పక్కది మళ్ళీ ఖాళీ అయింది.

ఇది రాస్తున్నది మార్చిలో. సోమవారం పొద్దున పాంట్రీలో కాఫీ పట్టుకుంటుంటే తీతువు అరుపు వినబడింది. అద్దంలోంచి చూశాను. రెండున్నాయి. ఒకటి రాళ్ళలో పొట్ట ఆనించి, ఇటు జరిగి, అటు జరిగి, చోటు సరిచేసుకుంటోంది. పోయినేడాది సంగతి సగం మందికి గుర్తులేదు, మిగతా సగం కొత్తగా చేరినవాళ్ళు. ఎవరో అప్పుడే ఫోన్ తీసి తలుపు గడియ మీద చెయ్యి వేశారు. "వద్దు, పిట్ట ఉంది" అన్నాను. "ఓ, సారీ" అని ఆగారు. ఆ ఒక్కర్ని ఆపాను. నేను రోజంతా తలుపు దగ్గర నిలబడలేను. అక్కడ అంటించాల్సిన కాగితం నా బ్యాగులో ఉంది, ప్రింటు తీసి మూడు రోజులైంది. అడుగున పేరు ఉండాల్సిన చోట మాత్రం ఖాళీగా ఉంది. చేత్తో రాద్దామని రెండుసార్లు పెన్ను తీశాను. మా టీములో నా పేరు సరిగా తెలిసినవాళ్ళే తక్కువ. ఇప్పుడది తలుపు మీద, కాఫీకొచ్చే ప్రతివాళ్ళ కళ్ళ ముందు! తప్పుంటే ఎవరిని అడగను? అడగాల్సిన మనిషి ఫిబ్రవరిలో పోయింది. నా కోపమంతా అందుకే.

ఆ కాగితం నేను రాసి ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళింది పోయిన దసరా వెళ్ళాక, ఒక ఆదివారం. హౌసింగ్ బోర్డు కాలనీలో రెండో అంతస్తు. వాళ్ళక్కగారు తలుపు తీశారు. "నువ్వేనా బస్సులో అమ్మాయివి? రామ్మా" అన్నారు. ఆవిడ బాల్కనీ పక్కన మంచం మీద, తలకి నూలు రుమాలు కట్టుకుని, దిండుకి ఆనుకుని ఉన్నారు. సగమైపోయారు. కొప్పు లేదు కనక పెన్సిల్ దిండు కింద ఉంది.

ఎలా ఉన్నారని అడగడం నాకు చేతకాలేదు. కాగితం ఇచ్చాను. "తలుపుకి అంటించడానికి. మీరు పుస్తకం రాయట్లేదు కదా. ఇదైనా ఉండాలని."

ఆ మాట అంత మొరటుగా అనాలనుకోలేదు. ఆవిడ పట్టించుకోలేదు. చదివారు. పెన్సిల్ తీశారు. "అద్భుతమైన" మీద గీత. "పాపం" మీద గీత. "తల్లి ప్రేమ" దగ్గర ఆగారు.

"తల్లని నీకెలా తెలుసు? పెట్టా పుంజూ రెండూ పొదుగుతాయి. నువ్వు చూసిన రోజు కూర్చున్నది నాన్నేమో."

గీత.

"మీరు అన్నీ కొట్టేస్తే ఇంకేం మిగులుతుందండీ?" నాకు ఏడుపొచ్చేట్టుంది. వారం రోజులు కూర్చుని రాశాను.

"చూద్దాం ఏం మిగిలిందో. చదువు."

చదివాను. "ఈ తలుపు అవతల తీతువులు నేల మీద గుడ్లు పెడతాయి. మనం వెళ్ళి నిలబడితే అవి లేచిపోతాయి. అవి లేస్తే గుడ్లకు ఎండ తగులుతుంది. వానలు పడేదాకా ఈ తలుపు తీయకండి."

లోపల వాళ్ళక్కగారు మిక్సీ వేశారు. అది ఆగాక ఆవిడ పెన్సిల్ నా చేతికిచ్చారు.

"ఎండ తగులుతుంది తర్వాత ఇంకొకటి రాయి" అన్నారు. కళ్ళు మూసుకుని చెప్పారు, నేను రాసుకున్నాను. "పోయిన మార్చిలో ఇక్కడ అలాగే జరిగింది." కళ్ళు తెరిచారు. "మనం చూసింది అదొక్కటే. అది మాత్రం ఎవరూ కాదనలేరు."

బాగుందని అనలేదు. నేను ఎదురుచూశాను కూడా. వాళ్ళక్కగారు పళ్ళరసం తెచ్చారు, ఆవిడ రెండు గుక్కలు తాగి గ్లాసు నాకివ్వమన్నారు, నేను తాగాను. లేచి, కాగితం మడిచి, హెచ్ఆర్ పేరు మీద పెట్టమని శ్రీకాంత్‌కి ఇస్తానని చెప్పాను. ఆవిడ పిలుపు వినబడేసరికి గుమ్మం దగ్గరికొచ్చేశాను. వెనక్కి తిరిగాను. రుమాలు సర్దుకుంటూ, నన్ను కాదు నా చేతిలో కాగితాన్నే చూస్తూ అన్నారు:

"హెచ్ఆర్ పేరెందుకమ్మా? కింద నీ పేరు రాయి. రేపు తప్పని తేలితే, వచ్చి తిట్టడానికి ఒక మనిషంటూ ఉండాలి కదా."